పడమటి గోడకు కొట్టిన కంత

దేవరాజుది ఆళ్ళగడ్డ. బేల్దారి మేస్త్రి. గోడలు లేపే మేస్త్రులు ఊరికి పదిమంది దొరుకుతారు గానీ, దేవరాజు పని గోడల కింద. నిలబడి ఉన్న ఇంటి కిందికి దూరి, దాని పునాదిని ఇంకా లోతుకు దించి, పైన కాపురం ఉన్నవాళ్ళ పొయ్యి ఆరకుండా ఇంటిని కొత్త కాళ్ళ మీద నిలబెట్టేవాడు. ఇలాంటి పని ఒకటుందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళేమో అదేం పెద్ద విద్య, మట్టి తీయడమే కదా అంటారు. అలా అనేవాళ్ళు ఎప్పుడూ పైనే ఉంటారు, కిందికి దిగరు.

నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు పాత మిద్దెల్లో, ముఖ్యంగా వ్యాపారం చేసే శెట్ల ఇళ్ళల్లో, నేలమాళిగలుంటాయి. నడుం వంచి తిరగాల్సినంత ఎత్తు. తాతల కాలంలో సరుకూ సొమ్మూ దాచుకోవడానికి అది చాలింది. పంతొమ్మిది వందల అరవైల నాటికి వ్యాపారాలు పెరిగాయి, మూట మీద మూట వేసుకోవాలంటే మాళిగ నేల దించుకోక తప్పలేదు. తాత కట్టిన ఇల్లు పడగొట్టడానికి మనసొప్పదు, ఉన్నదాంతో సరిపెట్టుకోవడానికి ఆశ ఒప్పదు. ఆ రెంటి మధ్యా దేవరాజుకు కూడు దొరికింది.

అతని తండ్రి కొండయ్య కూడా ఈ పని చేస్తూనే పోయాడు. ఆళ్ళగడ్డలోనే ఒక మిద్దె కింద, ఇంటివాళ్ళు తొందరపెట్టారని గోడ పొడవునా మట్టి ఒక్కసారే తీసేశాడు. అది నల్లరేగడి నేల. ఎండకు నోరు తెరుస్తుంది, తడికి ఉబ్బుతుంది, ఏ పూటా నమ్మడానికి లేదు. గోడ చప్పుడు లేకుండా కూర్చుంది. మట్టిగంప అందుకోవడానికి మెట్ల మీద నిలబడిన దేవరాజుకు అప్పుడు ఇరవై ఏళ్ళు. రాళ్ళు తీయడానికి సగం రోజు పట్టింది. ఆ సగం రోజులోనే అతను ఒక మాట పట్టాడు: తన చేతి కింద, ఏ గోడ కిందా, ఒక్క మనిషి పోకూడదు.

అందుకని తన పద్ధతి తను కట్టుకున్నాడు. గోడను మూడేసి అడుగుల ముక్కలుగా సున్నం గీతలతో విడదీసేవాడు. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. అలా గోడ చివరిదాకా. ముందు ఒకట్ల కింద మాత్రమే తవ్వాలి. అప్పుడు రెండ్లూ మూడ్లూ గోడను మోస్తుంటాయి. తవ్విన చోట రాయీ గానుగ సున్నమూ పెట్టి కట్టుకొచ్చి, పాత గోడకూ కొత్త కట్టుబడికీ నడుమ మిగిలిన సందులో సన్నటి బండముక్కలు బిగించి కొట్టాలి. పదిహేను రోజులు ఆరాలి. ఆ తర్వాతే రెండ్లు. అవి ఆరాక మూడ్లు. నాలుగు గోడలూ కొత్త పునాది మీద కూర్చున్నాకే నడిమి మట్టి జోలికి పోవాలి. పాత బీటలు ఎక్కడున్నా వాటి మీద అరచేతి వెడల్పున సున్నం పట్టీ వేసేవాడు. పొద్దున్నే పనిలోకి వచ్చి దేవరాజు మొదట చూసేది ఆ పట్టీనే. పట్టీ చిట్లిందంటే గోడ కదులుతున్నట్టు. ఇక ఆ రోజు లోపల ఒక్క మనిషి ఉండడానికి వీల్లేదు.

నెలలో అయ్యే పనికి నాలుగు నెలలు తీసుకుంటాడని ఊళ్ళో అతనికి నత్త మేస్త్రి అని పేరు పెట్టారు. దేవరాజు పట్టించుకోలేదు. పద్నాలుగేళ్ళలో పంతొమ్మిది ఇళ్ళు దించాడు. ఒక్కరికీ గోరు ఊడలేదు.

ఆ పద్నాలుగేళ్ళూ అతని గంప మోసింది లూదియా, అతని భార్య. ఉయ్యాలవాడ పిల్ల. మొగుడు ఎంత మాట పొదుపో ఆమెకు నోరు అంత ఎక్కువ. గోడకు చెవి ఆనించి సుత్తితో తట్టి చూస్తుంటే వెనక నిలబడి ఎగతాళి చేసేది.

"పెండ్లయి ఇన్నేండ్లాయె, నా మాట ఒక్కనాడన్నా అట్ల చెవి పెట్టి ఇంటివా?"

"నువ్వు తట్టకపోయినా మాట్లాడతావు గదమ్మే," అనేవాడు దేవరాజు.

కానీ ఆమె ఎగతాళి గడ్డపార పడేదాకానే. దిగే ముందు రోజూ ఒకే మాట అడిగేది. "గోడ ఏమంటాంది?" దేవరాజు "నిలబడతానంటాంది" అంటేనే దిగేది. తెలియదని అతను అన్న రోజున గంప బోర్లించి దాని మీదే కూర్చునేది. ఇంటి శెట్టి వచ్చి అరిచినా లేచేది కాదు.

డెబ్బై ఎనిమిది మాఘమాసంలో నంద్యాల నుంచి పాండురంగయ్య కబురు పంపాడు. పసుపు వ్యాపారి. పాత బజారు వీధిలో నూరేళ్ళు దాటిన మిద్దె, పైన ఒక అంతస్తు. ఇంటికి అటూ ఇటూ పక్కవాళ్ళ ఇళ్ళు అతుక్కునే ఉన్నాయి. ముందు తూర్పున వీధి, వెనక పడమట ఒక సందు. నేలమాళిగ నాలుగున్నర అడుగులుంది, ఇంకో మూడున్నర దించాలి. దేవరాజు వంగి దిగి దీపం పట్టుకుని గోడలన్నీ తట్టి చూశాడు. రాతిగోడలు, మట్టి కట్టుబడి, పునాది పాత నేలకు ఒక్క అడుగు కిందికి మాత్రమే ఉంది. కష్టమైన ఇల్లే. కానీ వానాకాలం రాకముందే అయిపోతుందని లెక్క వేసుకుని ఒప్పుకున్నాడు.

ఆ రోజు చూడటానికి మాత్రం అతన్ని ఇంట్లో నుంచే దింపారు. పాండురంగయ్య తల్లి కమలాక్షమ్మ తీర్థానికి పోయి ఉంది. ఆమె తిరిగొచ్చి సంగతి తెలుసుకుని అన్నం మానేసి కూర్చుంది.

మాళిగ మెట్లు పడసాల పడమటి చివర, పడమటి గోడను ఆనుకుని దిగుతాయి. మెట్ల మీద నేలకు సమంగా పరిచిన చెక్కతలుపు. దాని పక్కనే దేవుని గది, ఆ గది ముందు మడినీళ్ళ బిందెలు. పేట నుంచి వచ్చిన కిరస్తానం కూలోళ్ళు నాలుగు నెలలు రోజూ ఆ బిందెల పక్కన తిరగడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టే. కొడుకు రెండు రోజులు నచ్చజెప్పి, మూడో రోజు దేవరాజును పిలిచి అరుగు కింద నిలబెట్టి చెప్పాడు.

"మా అమ్మ సంగతి నీకు తెల్సు గదప్పా. వెనక సందులోంచి గోడకు ఒక కంత కొట్టుకోండి. మనుషులు దూరేంత. మట్టి గూడా అట్లనే పోతాది. పనైనాక మూసేస్తే సరి."

"శెట్టిగారూ, ఆ పడమటి గోడ మీద పై మిద్దె దూలమంతా కూర్చోనింది. కింద పునాది తీసేటప్పుడు పైన కంత గూడా కొడితే అది యాడ నిలబడతాది?"

"మరి తూర్పున కొట్టేదానికి లేదు, లక్ష్మి వచ్చే దిక్కు. అటూ ఇటూ పక్కోళ్ళ ఇండ్లు. నువ్వే చెప్పు, ఇంగ యాడ కొడతావ్?"

"పడసాల్లోంచి పోతే ఏ గోడకూ కంత పెట్టే పని లేదు."

పాండురంగయ్య చెడ్డవాడేమీ కాదు. తల గోక్కున్నాడు, లోపలికి చూశాడు, గొంతు తగ్గించాడు. "ఆమె వినదప్పా. ముసలి పానం. ఇంకెన్నాళ్ళుంటాదో. నువ్వు తెలివిగల్లోనివి, ఏదో ఒకటి చేయి."

ఇక్కడే దేవరాజు లేచి రావాల్సింది. ఆళ్ళగడ్డ బస్సు ఎక్కాల్సింది. ఎక్కలేదు. పైగా తెలివిగలవాడన్న మాట అతనికి ఎక్కింది. ఒకరి మడికీ ఇంకొకరి పనికీ మధ్య ఉపాయం కనిపెట్టడం మన దగ్గర తెలివి కిందే లెక్క. రెండున్నర అడుగుల కంత కొట్టి, పైన నిండు బండ అడ్డం వేశాడు. ఆ గోడకు ఒకట్లూ రెండ్లూ ముందు ముగించి, కంతకు రెండు పక్కలా ఉన్న మూడ్లను పని మొత్తానికీ చివరకు పెట్టుకున్నాడు. కంత పక్కనున్న పాత బీట మీద సున్నం పట్టీ ఒకటి కాదు, మూడు వేశాడు. లూదియా ఆ కంతలో నుంచి మొదటిసారి పాకి దిగుతూ అంది.

"పందికొక్కులు గూడా ఇంతకన్నా వెడల్పు పెట్టుకుంటాయి గదయ్యా."

ఆమెతో పాటు నంద్యాలలోనే దొరికిన జీవమ్మ అనే కూలిమనిషి దిగింది. మాళిగ లోపల నుంచి మెట్లెక్కితే ఆ చెక్కతలుపు తగిలేది. అవతలి నుంచి గొళ్ళెం పెట్టి ఉండేది. మాఘంలో పెట్టిన గొళ్ళెం వాళ్ళ కోసం ఒక్కసారీ తీయలేదు.

మే నెల నడిమికి మూడు గోడలు పూర్తయ్యాయి. పడమటి గోడలో మూడ్లు మాత్రం మిగిలాయి. పడమటి గోడకు దూరమే కదా అని దేవరాజు తన పద్ధతిని ఒక్కసారి సడలించి, తూర్పు సగంలో మట్టి దించి బండలు కూడా పరిచాడు. అక్కడ నిలబడి దేవరాజు చెయ్యి పైకెత్తాడు, దూలం అందలేదు. ముఖంలో ఎప్పుడూ లేని నవ్వొకటి వచ్చింది. ఆ తెల్లవారి వచ్చేసరికి ఆ బండల మీద నలభై పసుపు మూటలున్నాయి. పాండురంగయ్య హమాలీలతో దించేశాడు. ఎక్కడి నుంచి? పడసాల నుంచి, చెక్కతలుపు తీసి, మెట్ల మీదుగా. హమాలీలు వేరే కులం, వాళ్ళ రాకకు అభ్యంతరం లేదు. దించాక మళ్ళీ గొళ్ళెం. పసుపు మూట పడసాల దాటవచ్చు గానీ, ఆ మూట కోసం మూడున్నర అడుగుల మట్టి నెత్తిన మోసిన లూదియా దాటకూడదు. ఈ లెక్క ఎవరు రాశారో గానీ ఇంతవరకూ ఎవరికీ తప్పు కనిపించలేదు.

"పని కాకుండా ఎందుకు దింపినారు శెట్టిగారూ?" అని దేవరాజు గట్టిగానే అడిగాడు.

"ఆ మూల అయిపోయింది గదప్పా. పొడిగా ఉండాది. ఉండనీలే."

మూడు రోజుల తర్వాత బండలు చాలక దేవరాజు బేతంచెర్ల పోవాల్సి వచ్చింది. పొద్దున్నే పట్టీలు చూశాడు. బాగున్నాయి. అయినా లూదియాకు చెప్పాడు. "నేను వచ్చేదాకా ఎవురూ దిగొద్దు. సందులో సున్నం తొక్కుతాండండి, అంతే."

"నువ్వు లేకుంటే ఆ గుంతలో నాకేం పని?" అంది లూదియా.

మధ్యాహ్నం మూడింటికి బండల లారీ నంద్యాల చేరేటప్పటికి ఆకాశం కాటుక రంగుకు తిరిగింది. గాలి లేచింది, వెంటనే ఎండాకాలపు వాన, చినుకు చినుకూ రూపాయంత. పావుగంటలో బజారు కాలువలు నిండి వెనక సందు వాగైంది. దేవరాజు లారీ వదిలి పరుగెత్తాడు. అతని భయమల్లా ఒక్కటే, సందులోని నీళ్ళు కంతలో నుంచి లోపలికి పోతాయి. కంతకు అటూ ఇటూ మూడ్ల కింద ఉన్నది వట్టి రేగడి.

సందులో పాండురంగయ్య గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కంత నోట్లో నుంచి నీళ్ళు బిరబిరా లోపలికి దూకుతున్నాయి. పక్కన రెండు తడిసిన పసుపు మూటలు.

"లూదియా యాడ?" అన్నాడు దేవరాజు.

"లోపల. పసుపు తడిస్తే నా కొంప మునుగుతాది దేవరాజూ. నాలుగు మూటలన్నా ఇట్ల అందియ్యమంటి. ఆమె దిగనంటాండె, పాపం నేనే బతిమాలినా..."

దేవరాజు వినలేదు. కంత దగ్గర వంగి పట్టీల వైపు చూశాడు. మూడూ చిట్లాయి. బీట వేలు దూరేంత తెరుచుకుంది. అతను చూస్తుండగానే కంత కింది రాయి ఒకటి జారి లోపల నీళ్ళల్లో పడింది.

"లూదియా! ఇట్ల రావద్దండి! కంత దిక్కు రావద్దు!"

లోపల నుంచి జవాబు వచ్చింది. "నీళ్ళు మోకాళ్ళు దాటినాయి! ఈడ ఎట్ల ఉండేది?"

"మెట్లెక్కండి! ఇద్దరూ మెట్లెక్కండి! నేను పోయి తలుపు తీపిస్తా!"

ఆ సందు చివరిదాకా పోయి వీధి తిరిగి ఇంటి ముందరికి రావాలి. అంత పరుగు దేవరాజు జన్మలో పరుగెత్తలేదు. తలవాకిలి బార్లా తెరిచే ఉంది. లోపల పడసాల. చివరన చెక్కతలుపు కనిపిస్తోంది. దాని కింద నుంచి రెండు పిడికిళ్ళు దబదబా కొడుతున్న చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. పడసాలలో కమలాక్షమ్మ తప్ప ఎవరూ లేరు.

దేవరాజు గడప దగ్గర ఆగాడు.

"అమ్మగారూ! గొళ్ళెం తీయండి! గోడ పోతాంది! ఆడోళ్ళు లోపల ఉండారు!"

కమలాక్షమ్మకు చప్పుడు వినిపిస్తూనే ఉంది, కంగారుపడుతూనే ఉంది. "అయ్యో, అయ్యో, ఉండరా, ఉండు, బిందెలు జరపనీ," అంటూ మొదటి బిందె ఎత్తుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, నిండు ఇత్తడి బిందె. చంకన పెట్టుకుని, తొణక్కుండా, వంటింట్లోకి పోయి దించి వచ్చింది. రెండోది ఎత్తుకుంది. తలుపు దబదబలాడుతోంది.

"అమ్మా, నీళ్ళు పోతే పోనీ అమ్మా! తలుపు తీయమ్మా!"

"తీస్తా, తీస్తా. మడినీళ్ళురా. ఒక్క నిమిషం."

మొత్తం అయిదు బిందెలు. దేవరాజు గడప ఇవతల నిలబడి, రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకుని, అరుస్తూనే ఉన్నాడు. అయిదోది లోపల పెట్టి వచ్చి ఆమె గొళ్ళెం పట్టుకుంది. తడిగాలికి కొయ్య ఉబ్బి గొళ్ళెం బిగుసుకుంది. ఆమె రెండు చేతులతో గుంజింది.

"నేను రానా అమ్మా? నేను తీస్తా, రానా?"

"ఉండు, ఉండు, వస్తాంది."

వచ్చింది. తలుపు లేచింది. ముందు జీవమ్మ తల, భుజాలు, ఒళ్ళంతా పసుపూ బురదా. ఆమె పడసాల బండ మీద బోర్లా పడింది. ఆమె వెనక రెండు మెట్ల కింద లూదియా ముఖం కనిపించింది. దేవరాజును చూసింది కూడా. ఏదో అనబోయింది. అప్పుడు పడమటి గోడ, కంత నుంచి మెట్ల దాకా, బస్తా కుమ్మరించినట్టు లోపలికి జారింది.

అప్పుడు దేవరాజు గడప దాటాడు. అడ్డం చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

లూదియాను తీసేసరికి వాన వెలిసింది. సాయంత్రపు ఎండ కూడా వచ్చింది. ఎందుకొచ్చిందో.

ఇల్లు నిలబడింది. ఇదే ఈ కథలో అన్నిటికన్నా చేదు ముక్క. కంత నుంచి మెట్ల దాకా తొమ్మిదడుగుల గోడ తప్ప మిగతా ఇంట్లో వెంట్రుకవాసి బీట రాలేదు. పై అంతస్తు దూలం ఒక పక్కకు ఒరిగి, దేవరాజు కొత్తగా కట్టిన కట్టుబడి మీద ఆగింది. మరునాడు ఎవరో ఇంజనీరును తీసుకొచ్చి చూపించారు. ఆయన టార్చి వేసుకుని అన్ని మూలలూ తిరిగి, ఇంత పద్ధతిగా చేసిన పని తన ఉద్యోగంలో చూడలేదన్నాడు. పాండురంగయ్య కళ్ళ నీళ్ళతో అందరికీ అదే చెప్పాడు, దేవరాజు చెయ్యి పడితే ఇల్లు కదలదని. కమలాక్షమ్మ నిజంగానే ఏడ్చింది. పాపం, లక్షణమైన మనిషి, అంది. ఏడ్చి, పడసాల కడిగించి, పసుపునీళ్ళు చల్లించి, బిందెలు మళ్ళీ తెచ్చి వాటి చోట్లో పెట్టించింది.

లూదియాను ఆళ్ళగడ్డలో పాతిపెట్టారు. పాదిరి ప్రార్థన చేసి దేవుని చిత్తం అన్నాడు. దేవరాజు తల ఎత్తాడు.

"దేవుడు బిందెలు జరుపుతాండెనా అయ్యగారూ?"

ఎవరో దేవరాజును భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయారు.

పదహారో రోజున అతను నంద్యాల తిరిగి వచ్చాడు. బంధువులు తిట్టారు, సిగ్గు లేదా అన్నారు. పడగా మిగిలిన గోడ అలా వేలాడుతుంటే దాని కింద ఇంకొకరు పోతారని మాత్రం అతను చెప్పాడు. మట్టి తీసి, మిగిలిన మూడ్ల కింద రాయి కట్టి, గోడ లేపి, ఆ కంత ఆనవాలు లేకుండా చేశాడు. ఆ పదహారు రోజుల తర్వాత ఎక్కడి నుంచి దిగాడంటే, పడసాల నుంచే. కంత ఎలాగూ పూడిపోయింది కదా, ఇక దారి అదొక్కటే. కమలాక్షమ్మ తన గదిలో తలుపు వేసుకుంది. బిందెలు మళ్ళీ వంటింట్లోకి పోయాయి. అంత సులువుగా సర్దుకున్నారు.

ఆ ఇల్లు అతనికి పేరు తెచ్చింది. డోన్ నుంచి పిలిచారు, జూపాడు బంగ్లా నుంచి పిలిచారు. భార్య మీద గోడ పడినా ఇల్లు పడనీయని మేస్త్రి అని పొగిడేవాళ్ళు. ఆ పొగడ్త విన్న ప్రతిసారీ అతను మాట మార్చి గోడ కొలతలు అడిగేవాడు. పని ఒప్పుకునే ముందు ఒక షరతు పెట్టేవాడు: మా మనుషులు తలవాకిట్లో నుంచే దిగుతారు, మాళిగ తలుపు రెక్క ఊడదీసి పక్కన పెట్టాలి, ఇష్టముంటే చెప్పండి. కొందరు ఒప్పుకున్నారు. చాలామంది, మేస్త్రికి పొగరు తలకెక్కింది, పెండ్లాము పోయినా బుద్ధి రాలేదు అన్నారు. పని తగ్గింది. దేవరాజు షరతు తగ్గలేదు.

ఎవరు అడిగినా ఆ రోజు కథ ఒకే రకంగా చెప్పేవాడు. వేళ్ళు మడిచి, అయిదు బిందెలు, అనేవాడు. ముసలామె తొణక్కుండా మోసుకుపోయిన అయిదు బిందెలు. వినేవాళ్ళు ఆమెను తిట్టేవాళ్ళు. అతనికి కొంచెం ఊపిరి ఆడేది. కమలాక్షమ్మ ఎనభై రెండులో పోయిందని తెలిసినప్పుడు, పోనీలే అని కూడా అనలేదు. ఆమెను తిట్టడం మాత్రం మానలేదు.

ఎనభై ఆరులో, ఊళ్ళోనే, ఆళ్ళగడ్డలో మాధవయ్య అనే బట్టల వ్యాపారి పిలిచాడు. పాత మిద్దె, నేలమాళిగ, మూడడుగులు దించాలి. దేవరాజు పోయేసరికి మాధవయ్య కొట్లో ఉన్నాడు. అతని భార్య ప్రభావతి ఇంట్లో పిండి కలుపుతోంది. దేవరాజు అలవాటుగా అరుగు కింద ఆగి దగ్గాడు.

"ఎవురు? మేస్త్రివా? ఆడ నిలబడినావేందన్నా, లోపలికి రా. మెట్లు ఆ చివర ఉండాయి, పోయి చూసుకో."

దేవరాజు షరతు చెప్పడానికి నోరు తెరిచాడు. చెప్పే పని లేకపోయింది. "కాళ్ళకు బురద ఉందమ్మా," అన్నాడు.

"బురదయితే కడుక్కుంటాంలే. మిద్దె పడితే కడుక్కునేదానికి ఏముంటాది? బేగా చూసి చెప్పు, మా ఆయన కొట్లో ఎదురు చూస్తాండాడు."

ఆమె మళ్ళీ పిండిలో చేయి పెట్టింది. అటువైపు చూడను కూడా చూడలేదు. దేవరాజు గడప దాటి పడసాలలోకి నడిచాడు. నడుస్తూ, మేస్త్రి కదా, అడుగులు లెక్కపెట్టుకున్నాడు. గడప నుంచి మాళిగ తలుపు దాకా పదకొండు అడుగులు. నంద్యాల ఇంట్లోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. పరుగెత్తితే ఆరు. అడ్డం ఏముంది? డెబ్బై ఏళ్ళ ముసలిది, చంకలో బిందెతో. అంతే. ఒక్క తన్నుకు ఊడే గొళ్ళెం. మొదటి బిందె ఆమె ఎత్తక ముందే తలుపు తీసి ఉండవచ్చు. తను గడప ఇవతల నిలబడి రానా అని అడిగాడు. గోడ కూలుతుంటే, లూదియా తలుపు కొడుతుంటే, రానా అని అడిగాడు.

అతను మాళిగ మెట్ల మీద కూలబడ్డాడు. ఎనిమిదేళ్ళుగా వేళ్ళు మడిచి చెప్పిన అయిదు బిందెల కథ నోట్లో మట్టిలా అయింది.

ప్రభావతి లోటాతో నీళ్ళు తెచ్చింది. "ఏందన్నా, కళ్ళు తిరిగినాయా?"

దేవరాజు లోటా అందుకోలేదు. ఆమె ముఖంలోకి చూసి చెప్పాడు. ఎవరికో ఒకరికి చెప్పాలి.

"ఆ పొద్దు నన్నెవురూ పట్టుకోలేదమ్మా. నేనే నిలబడినా."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. లోటా అతని పక్కన మెట్టు మీద పెట్టి, పిండి ఎండిపోతుందని వంటింట్లోకి వెళ్ళిపోయింది.